పిల్లలున్న ఫ్లాట్‌లోకి సిగరెట్ పొగ రాకుండా చేయడం ఎలా?

"బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికేసే కాలుస్తున్నారు, అయినా పాపకి దగ్గు తగ్గట్లేదు, ఎందుకు?" "కింది ఫ్లాట్‌లో కాలుస్తుంటే వాసన మా బాత్రూంలోకి వస్తోంది, ఏం చేయాలి?" "ఏ ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే మంచిది?" చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి తిప్పితిప్పి వచ్చే ప్రశ్నలు ఇవే. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అయినా, కొండాపూర్‌లో పెద్ద టవర్ అయినా తేడా లేదు. ముందు మీ ఇంట్లో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో కనిపెట్టాలి. అది తెలిస్తే సగం పని అయినట్టే. ప్యూరిఫయర్ సంగతి చివర్లో చెప్తాం. అప్పటిదాకా డబ్బులు జేబులోనే ఉంచండి.

కారణం రెండు ముక్కల్లో. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి, వాటిలో కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవి. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. బరువుతో పోల్చి చూస్తే అదే గదిలో బిడ్డ పీల్చేది మీకంటే చాలా ఎక్కువ. ఆస్తమా ముదరడం, న్యుమోనియా, చెవిలో నీరు చేరడం, నెలల పిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం లాంటివాటికి పక్కవాళ్ల పొగతో సంబంధం ఉందని తేలిపోయింది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదు ఏదీ లేదని 2006లోనే అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది.

కావలసినవి

- అగరుబత్తి ఒకటి, అగ్గిపెట్టె
- టార్చిలైటు (ఫోన్‌ది చాలు)
- సిలికాన్ సీలెంట్ ట్యూబు, దాన్ని నొక్కే గన్
- పైపుల చుట్టూ పెద్ద సందులుంటే ఎం-సీల్
- తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ, చుట్టూ అంటించే ఫోమ్ టేపు
- బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యానుకు వెనక షట్టర్ లేకపోతే షట్టర్ ఉన్నది (మామూలుగా 6 అంగుళాలది సరిపోతుంది)
- మూత ఉన్న ఇనప డబ్బా, సగానికి ఇసుక
- పొగ తాగేవాళ్లకి ఒక విడి చొక్కా, దాన్ని తగిలించడానికి గది బయట ఒక మేకు
- తెల్లటి పాత గుడ్డలు, గిన్నెలు తోమే లిక్విడ్, బకెట్

షట్టర్ ఫ్యాను తప్ప అన్నీ కొన్ని వందల్లో అయిపోతాయి. రాణిగంజ్ బజారు దాకా పోనక్కర్లేదు, మీ వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

1. ముందు చోటు మార్చండి

మొదటి నియమంలో మినహాయింపులు పెట్టకండి: గడప లోపల ఎవరూ, ఏ గదిలోనూ, ఏ వేళలోనూ కాల్చకూడదు. పిల్లలు బడికెళ్లాక అనో, అత్తగారింటికి వెళ్లాక అనో అనుకోవద్దు. పొగ కనిపించకుండా పోయినా గోడలకి, పరుపులకి, కర్టెన్లకి నికోటిన్ అంటుకుని ఉంటుంది. ఆ తర్వాత రోజుల తరబడి మెల్లగా గాల్లోకి వదులుతూనే ఉంటుంది. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే బిడ్డకి అది నేరుగా అందుతుంది.

"బాల్కనీలోనే కదా" అనేవాళ్లకి ఒక లెక్క. 2004లో అచ్చయిన ఒక స్వీడన్ అధ్యయనంలో రెండున్నర, మూడేళ్ల పిల్లల మూత్రంలో కొటినిన్ కొలిచారు. నికోటిన్ ఒంట్లోకి వెళ్లాక మారే పదార్థం అది. ఎవరూ పొగ తాగని ఇళ్ల పిల్లలతో పోలిస్తే, పెద్దలు తలుపు మూసి బయట కాల్చిన ఇళ్లలో దాదాపు 2 రెట్లు ఉంది. వంటింటి ఫ్యాను కింద నిలబడి కాల్చిన ఇళ్లలో 3 రెట్లు దాటింది. ఇంట్లోనే కాల్చిన చోట 15 రెట్లు. అంటే తలుపు మూసిన బాల్కనీ చాలా మేలే, కానీ సున్నా కాదు. వంటింటి చిమ్నీ కింద కాల్చడం మాత్రం తనని తాను మభ్యపెట్టుకోవడమే.

మంచి నుంచి చెడుకు వరస ఇది:

- గేటు బయట, కిటికీలకీ తలుపులకీ కనీసం 7 మీటర్ల దూరంలో. అన్నిటికంటే మంచిది.
- మేడ మీద, మెట్ల గది తలుపుకి దూరంగా, ఆ తలుపు మూసి. మంచిదే. బట్టలారేసే తీగల దగ్గర మాత్రం వద్దు.
- బాల్కనీలో, గాజు తలుపు పూర్తిగా మూసి, పక్క గదుల కిటికీలు కూడా మూసి. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగలేని పెద్దవాళ్లకి మాత్రమే, అదీ తాత్కాలికంగా. మెష్ తలుపు మూసి గాజు తలుపు తెరిచి ఉంచడం చాలామంది చేసే తప్పు. దోమని ఆపే జాలీ పొగని ఆపదు.
- సెల్లార్, మెట్లు, లిఫ్టు ముందు. వద్దు. మెట్ల దారీ, లిఫ్టు గొయ్యీ కింది గాలిని పై అంతస్తులకి లాక్కుపోతాయి.
- బాత్రూం. అస్సలు వద్దు. ఎందుకో నాలుగో మెట్టులో ఉంది.

ఇసుక డబ్బా ఆ చోటే పెట్టండి. పీకలు ఇంట్లోకి తేవద్దు. పాకే బిడ్డ ఒక్క పీక నమిలి మింగినా వాంతులు పట్టుకుంటాయి. అలా జరిగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించడం లాంటివి చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

2. లోపలికి వచ్చే పద్ధతి

చివరి దమ్ము లాగాక కూడా నిమిషం, నిమిషంన్నర దాకా ఊపిరితో పొగ బయటికి వస్తూనే ఉంటుంది. ఆఖరి దమ్ము లిఫ్టు ముందు లాగి, తలుపు తీసి, బిడ్డని ఎత్తుకుంటే ఆ పొగ బిడ్డ ముక్కులోకే.

వరస ఇలా పెట్టుకోండి. సిగరెట్ ఆర్పాక కనీసం పది నిమిషాలు బయటే ఉండాలి, ఇరవై అయితే ఇంకా మంచిది. లోపలికి రాగానే పైన వేసుకున్న విడి చొక్కా విప్పి గది బయట మేకుకి తగిలించాలి. దాన్ని బెడ్‌రూం తలుపు వెనక వేలాడదీస్తే మొత్తం పద్ధతే దండగ. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, మొహం కడుక్కోవాలి, నోరు పుక్కిలించాలి. గడ్డం, మీసం ఉన్నవాళ్లు వాటిని కూడా సబ్బుతో కడగాలి, ఎందుకంటే ఎత్తుకున్న బిడ్డ ముక్కు ఆనేది సరిగ్గా అక్కడే. సోంపు నమిలితేనో, సెంటు కొట్టుకుంటేనో వాసన మారుతుంది తప్ప అంటుకున్నది పోదు.

ఏడాది లోపు బిడ్డని పొగ తాగేవాళ్ల పక్కలో పడుకోబెట్టవద్దు. అదే గదిలో విడిగా, గట్టి పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టండి. అమ్మ తాగకపోయినా నాన్న తాగితే ఈ నియమం వర్తిస్తుంది.

3. కారు

కారులో బిడ్డ లేనప్పుడు కూడా కాల్చవద్దు. అద్దం దించి కాల్చినా అంత చిన్న చోట పొగ చకచకా పేరుకుంటుంది, సీట్లకీ పైకప్పు గుడ్డకీ పడుతుంది. ఇదివరకు కాల్చిన కారైతే సీటు కవర్లు, మ్యాట్లు ఉతకండి, అద్దాలు లోపలి వైపు సబ్బునీళ్లతో తుడవండి, ఏసీ క్యాబిన్ ఫిల్టర్ మార్పించండి. ఆ ఫిల్టర్ మర్చిపోతే ఏసీ వేసినప్పుడల్లా పాత వాసన తిరిగొస్తుంది. క్యాబ్ ఎక్కగానే పొగ వాసన కొడితే మొహమాటపడకుండా దిగి వేరేది పిలవండి. తప్పదనుకుంటే నాలుగు అద్దాలూ దించి, ఏసీ ఆపించండి.

4. బాత్రూం డక్ట్: అసలు తలనొప్పి ఇక్కడే

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒకదాని మీద ఒకటి ఉండే బాత్రూములన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. పైపులు దిగే ఆ ఇరుకు సందులోకే అందరి ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ, గాజు పలకల వెంటిలేటర్లూ ఉంటాయి. రెండో అంతస్తులో ఎవరో పొద్దున్నే బాత్రూంలో కాలిస్తే నాలుగో అంతస్తులో మీ పాప పళ్లు తోముకుంటూ అదే పీలుస్తుంది. చలికాలం రాత్రుళ్లు ఇళ్లు బయటికంటే వెచ్చగా ఉంటాయి కాబట్టి డక్ట్‌లో గాలి పైకి లేస్తుంది, పై అంతస్తులవాళ్లకి బాధ ఎక్కువ.

అయితే అసలు దోషి చాలా ఇళ్లలో మీ వంటింట్లోనే ఉంటుంది. కిటికీలన్నీ మూసి చిమ్నీ వేస్తే అది ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంది. పోయిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. తెరిచి ఉన్న దారి బాత్రూం వెంటిలేటరే కాబట్టి డక్ట్ గాలి మొత్తం ఇంట్లోకి ఈడ్చుకొస్తుంది. "సాయంత్రం వంట టైములోనే వాసన ఎక్కువ" అని చెప్పే ఇళ్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

*పరీక్ష ఇలా చేయండి.*

ఎ) బిడ్డని వేరే గదిలో ఉంచండి. సీలింగ్ ఫ్యాన్లు, ఏసీ ఆపండి. ఫ్యాను తిరుగుతుంటే ఈ పరీక్ష పనికిరాదు.

బి) కిటికీలు, మెయిన్ డోర్ మూయండి. చిమ్నీ హై మీద పెట్టండి.

సి) అగరుబత్తి వెలిగించి వెంటిలేటర్‌కి అంగుళం దూరంలో కదలకుండా పట్టుకోండి. పొగ నిటారుగా లేస్తే గాలి కదలట్లేదు. వెంటిలేటర్ వైపు వంగితే గాలి బయటికి పోతోంది, మంచిదే. మీ మొహం వైపు వంగితే డక్ట్ గాలి లోపలికి వస్తోంది.

డి) అలాగే ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ, వాష్ బేసిన్ కింద పైపు గోడలోకి పోయే చోట, గీజర్ పైపుల దగ్గర, ఫాల్స్ సీలింగ్ అంచుల్లో, మెయిన్ డోర్ అడుగున పట్టి చూడండి.

ఇ) ఇప్పుడు వంటింటి కిటికీ బెత్తెడు తెరిచి మళ్లీ అదే చేయండి. పొగ వంగడం ఆగిపోతే మీ సమస్యకి పైసా ఖర్చు లేని పరిష్కారం దొరికినట్టే: చిమ్నీ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ తెరవడం.

*సందులు మూయడం.*

మొదట నేల మీద నహానీ ట్రాప్ (నీళ్లు పోయే జాలీ కింద నీళ్లు నిలిచే గుంట) చూడండి. వాడని బాత్రూంలో ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి కింది పైపులోంచి గాలి నేరుగా పైకొస్తుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు, వారానికోసారి పోస్తూ ఉండండి. ఇది వదిలేసి గోడలన్నీ సీల్ చేసిన ఇళ్లు చాలా ఉంటాయి.

తర్వాత పైపుల చుట్టూ సందులు. టార్చి వేసి బేసిన్ కింద చూస్తే స్టీల్ రింగు వెనక బొటనవేలు దూరే కన్నం తరచుగా కనిపిస్తుంది. ప్లంబర్ కొట్టిన కన్నాన్ని ఎవరూ పూడ్చరు. పెద్దదైతే ఎం-సీల్, సన్నదైతే సిలికాన్. గోడ తడిగా ఉండగా సిలికాన్ వేస్తే వారంలో ఊడొస్తుంది. ముందు రోజు రాత్రి నుంచి బాత్రూం వాడకుండా ఆరబెట్టి, దుమ్ము తుడిచి వేయండి. 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగి ఉన్నప్పుడు దాని వెనక రెక్కలు మూసుకుంటున్నాయో లేదో చూడండి. దుమ్మూ జిడ్డూ పట్టి సగం తెరిచి ఉండిపోవడం మామూలే. సబ్బునీళ్లతో కడిగితే మళ్లీ పనిచేస్తాయి. షట్టరే లేని ఫ్యాను అంటే గోడకి 6 అంగుళాల కన్నం ఉన్నట్టే, మార్పించండి. గాజు పలకల వెంటిలేటర్‌కి పలకల మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాను వేరుగా ఉంటే పలకల మీద లోపలి వైపు నుంచి పారదర్శకమైన ఆక్రిలిక్ షీటు బిగించవచ్చు. ఆఖరున బాత్రూం తలుపు అడుగున రబ్బరు పట్టీ వేసి, ఆ తలుపు మూసి ఉంచడం అలవాటు చేసుకోండి.

హెచ్చరిక. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే వెంటిలేటర్ గానీ, తలుపు అడుగు సందు గానీ మూయవద్దు. కార్బన్ మోనాక్సైడ్ చేరి స్నానానికి వెళ్లినవాళ్లు అక్కడే ప్రాణాలు పోగొట్టుకుంటారు. దానికి వాసన ఉండదు. ముందు గీజర్‌ని బయటికి మార్పించండి, లేదా కరెంటు గీజర్ పెట్టించండి, ఆ తర్వాతే సందులు మూసే పని. వంటింట్లో కూడా నేల దగ్గరి సందులు మూయవద్దు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, పోవడానికి దారి ఉండాలి.

5. పక్క ఫ్లాట్‌తో మాట్లాడటం

చట్టం పట్టుకుని వెళ్లి తలుపు తడితే పని కాదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది, 200 రూపాయల దాకా జరిమానా ఉంది. ఎవరింట్లో వాళ్లు, వాళ్ల బాత్రూంలో కాల్చుకోవడం దాని కిందికి రాదు.

ముందు ఒక వారం పాటు వాసన వచ్చిన టైములు రాసుకోండి. చాలాసార్లు రెండు మూడు టైములే తేలతాయి: పొద్దున ఆరున్నర, రాత్రి పదకొండు. అప్పుడు ఇద్దరు ముగ్గురి ముందు కాకుండా, వాట్సాప్ గ్రూపులో అసలే కాకుండా, ఒక్కరే వెళ్లి మాట్లాడండి. "అన్నా, మీరు పొగ తాగడం గురించి కాదు, డక్ట్‌లోంచి మా బాత్రూంలోకి వస్తోంది, బాబుకి ఆయాసం ఉంది. ఒక్కసారి పైకి వచ్చి చూస్తారా?" అంటే ఎక్కువమంది వస్తారు. అగరుబత్తి పొగ గదిలోకి వంగడం కళ్లారా చూశాక వాదన ఉండదు. బాత్రూం మానేసి మేడ మీదికో, కిందికో వెళ్లమని అడగండి. మానేయమని అడగకండి. అది మీ పని కాదు, అడిగితే ఉన్నది కూడా చెడుతుంది.

మాట వినకపోతే అసోసియేషన్‌ని రెండు పనులు అడగండి: మేడ మీద డక్ట్ నోరు మూసుకుపోయి ఉంటే తెరిపించడం, మెట్లలోనూ లిఫ్టు దగ్గరా సెల్లార్‌లోనూ కాల్చకూడదని బోర్డు పెట్టడం. వర్షం నీళ్లు పడుతున్నాయని డక్ట్ మీద రేకు కప్పేసిన బిల్డింగులు చాలా ఉన్నాయి. రేకు ఉండొచ్చు, కానీ పక్కల గాలి పోయేంత ఎత్తులో ఉండాలి.

6. ఇంటి పెద్దలు, చుట్టాలు

ఈ పనిలో సిలికాన్ కంటే కష్టమైనది ఇదే. మామగారికో తాతయ్యకో కోడలు చెప్పడం కంటే కొడుకు చెప్పడం తేలిక. "నాన్నా, డాక్టరు చెప్పాడు, బాబు ఊపిరితిత్తులు బలపడేదాకా ఇంట్లో పొగ ఉండకూడదట. నేనూ మీతో కిందికి వస్తా, పదండి." డాక్టరు మీద పెట్టి చెప్పడంలో తప్పేం లేదు, నిజంగానే ఏ పిల్లల డాక్టరైనా అదే చెప్తారు. కింద గేటు పక్కన ఒక కుర్చీ వేయించండి. కూర్చునే చోటు లేకే చాలామంది పెద్దవాళ్లు ఇంట్లో కాలుస్తారు.

చుట్టాలు వస్తే గడపలోనే చెప్పండి, వెలిగించాక చెప్తే ఇద్దరికీ ఇబ్బంది. టీపాయ్ మీద యాష్‌ట్రే ఉంటే అది మీరిచ్చిన అనుమతే, తీసేయండి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన అమ్మమ్మ అడ్డచుట్ట తాగుతుంటే, నిప్పు నోట్లోనే ఉంది కదా అని వదిలేయవద్దు, పొగ అదే పొగ.

ఇంట్లో ఉన్నప్పుడు ఆగలేనివాళ్లకి మెడికల్ షాపుల్లో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఒక దారి. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి, "పనిచేయలేదు" అని పారేస్తారు. మెల్లగా నమిలి, నోట్లో కారంగా చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గమ్‌కి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ చాయ్ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వాడొద్దు. డబ్బా పిల్లలకి అందకుండా పెట్టండి. మానేయాలని నిజంగా అనుకునేవాళ్లకి సిగరెట్ పెట్టె మీదే ఉచిత నంబరు ఉంటుంది: 1800-11-2356.

7. ఇంట్లో మిగతా పొగలు

సిగరెట్ ఆగినా పీఎం 2.5 (గాల్లోని అతి సన్నటి ధూళి) తగ్గలేదంటే ఇవి చూడండి. దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నటి ధూళి వదులుతుందని 2003 నాటి ఒక అధ్యయనం లెక్క తేల్చింది. బదులుగా దోమతెర కట్టండి. ఇక సాంబ్రాణి. నీళ్లు పోశాక బిడ్డ తల ఆరడానికి పొగ వేయడం అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే, కానీ ఆయాసం ఉన్న బిడ్డకి అది సరిపడదు. మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది. పూజగదిలో వేసుకుంటామంటే బిడ్డ లేనప్పుడు వేసి, పొగ పోయేదాకా కిటికీ తెరవండి.

8. పాత పొగ వదిలించడం

ముందున్నవాళ్లు కాల్చిన అద్దె ఇంట్లోకి దిగేముందు సబ్బునీళ్లలో పిండిన తెల్లగుడ్డతో ఏసీ పైన, ట్యూబ్‌లైట్ పట్టీ మీద, తలుపు పై అంచున తుడిచి చూడండి. బూడిదరంగు వస్తే దుమ్ము. చాయ్ రంగు, జిగురుగా వస్తే పొగ.

గోడలు కడిగేటప్పుడు కింది నుంచి పైకి కడగండి. పై నుంచి మొదలుపెడితే పొడి గోడ మీదికి కారిన నీళ్లు చారికలు కడతాయి, అవి పోవు. కర్టెన్లు, సోఫా కవర్లు ఉతకండి. పాత పరుపు ఉంటే వదిలించుకోండి, ఎండలో వేసినా లోపలిది పోదు. ఏసీ ఫిల్టర్ కడగడమే కాక లోపలి కాయిల్ కూడా సర్వీసు చేయించండి. రంగు వేయించేటట్టయితే పసుపు పట్టిన గోడ మీద నేరుగా ఎమల్షన్ వద్దు, కొన్ని వారాల్లో పసుపు పైకి తేలుతుంది. కడిగి, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు, దాని మీద రంగు. బ్లీచింగ్‌ని వెనిగర్‌తో గానీ, బాత్రూం యాసిడ్‌తో గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఓజోన్ మిషన్‌తో వాసన తీస్తామనేవాళ్లని పిలవకండి, ఓజోనే ఊపిరితిత్తులకి చెరుపు.

ప్యూరిఫయర్ సంగతి

హెపా ఫిల్టర్ ధూళి కణాలని పడుతుంది. వాయువులని పట్టదు, గోడకంటిన నికోటిన్‌ని అసలే పట్టదు. బొగ్గు ఫిల్టర్ ఉన్నవి కొంత వాసన లాగుతాయి, అది కొద్ది కాలానికే నిండిపోతుంది. ఇంట్లో ఎవరో కాలుస్తూ ప్యూరిఫయర్ పెట్టడం డబ్బు దండగ. పై మెట్లన్నీ అయ్యాక, డక్ట్‌లోంచి ఇంకా కొంచెం వస్తుంటే బిడ్డ పడుకునే గదిలో పెట్టుకోండి, తప్పు లేదు. స్ప్లిట్ ఏసీ కూడా బయటి గాలి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఏసీ వేశాం కదా పొగ పోతుంది అనుకోవద్దు.

ఫలితం వచ్చిందో లేదో

మీ ముక్కుని నమ్మకండి, రోజూ ఆ ఇంట్లో ఉండే ముక్కు అలవాటుపడిపోతుంది. పొగ తాగని, మీ ఇంట్లో ఉండని మనిషిని పొద్దున్నే, కిటికీలు తెరవకముందు పిలవండి. గడప దాటిన మొదటి నిమిషంలో ఆ మనిషి చెప్పిందే లెక్క.

పీఎం 2.5 మీటరుంటే ఒక్క అంకె చూసి కంగారుపడొద్దు. మన ఊళ్లో బయటి గాలే ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. ముందు బాల్కనీలో పది నిమిషాలు, తర్వాత లోపల పది నిమిషాలు పెట్టి తేడా చూడండి. లోపల అంకె బయటికంటే ఎక్కువగా నిలబడితే పొగ ఇంట్లోనే పుడుతోంది, లేదా డక్ట్‌లోంచి వస్తోంది. తాలింపు వేసినా, అగరుబత్తి వెలిగించినా, ఊడ్చినా మీటరు లేస్తుంది కాబట్టి ఆ టైములు పక్కన పెట్టండి. ఏ పనీ లేని వేళ, రోజూ ఒకే టైముకి లేస్తుంటే అది పక్కింటి సిగరెట్టే.

అగరుబత్తి పరీక్ష చలికాలంలో ఒకసారి, ఏసీలు వేసే ఎండాకాలంలో ఒకసారి మళ్లీ చేయండి. గాలి దిశ మారుతుంది, మూసిన సందు ఊడి ఉండొచ్చు. బిడ్డ ఒంట్లోకి ఇంకా పోతోందా అనే అనుమానం గట్టిగా ఉంటే మూత్రంలో కొటినిన్ పరీక్ష ఉంది, డాక్టర్ని అడగండి. అది గత రెండు మూడు రోజుల సంగతే చెప్తుంది కాబట్టి ఊరెళ్లి వచ్చిన మర్నాడు చేయిస్తే అర్థం లేదు.

ఎప్పుడు ఆగకూడదు

ఇవన్నీ చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు: బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట కదలడం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయవద్దు, పసిపిల్లల ఊపిరి ఒకేలా సాగదు. రెండు నెలల లోపు బిడ్డకి 60 గానీ అంతకుమించి గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 దాటినా తాకినా ఆలస్యం చేయొద్దు. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పెదాలు నీలం తిరగడం, పాలు తాగలేకపోవడం కనిపిస్తే లెక్క కూడా అక్కర్లేదు, 108కి ఫోన్ చేయండి. మీకు దగ్గర్లో పిల్లల ఎమర్జెన్సీ ఎక్కడుందో ముందే తెలుసుకుని ఉంచుకోండి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అయితే నీలోఫర్ ఉంది.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఇంట్లో ఎవరు కాలుస్తారో, ఎక్కడ కాలుస్తారో, డక్ట్ పొగ సంగతి కూడా దాచకుండా చెప్పండి. "మా ఇంట్లో ఎవరూ తాగరు" అని మొహమాటానికి అంటే, తగ్గని దగ్గుకి కారణం మందుల్లో వెతకాల్సి వస్తుంది.